తుత్తురుబెండ యే యింటిది?
పత్తిచేల గట్లమీది పసుపుపూవు పొదను గుర్తించు విధము

కృష్ణానదికి దక్షిణమున అమరావతి, తుళ్లూరు, తాడికొండ, పెదకూరపాడు మొదలుకొని చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు వఱకు వ్యాపించిన నల్లరేగడి నేలలలో, పత్తితీతలు ముగియుచు మిరపకల్లములు ఎఱ్ఱబాఱు దినములందు, చేని గట్టునను, కాలువ యొడ్డునను, బాటప్రక్కను నడుమెత్తున నిలిచి పసుపుపూవులు పూయు పొద యొకటి తఱచుగ కనబడును. దాని యాకు హృదయాకారముగ నుండి, వ్రేళ్లతో నిమిరినచో సన్నని నూగు మెత్తగ తగులును. పూవునకు రేకులు ఐదు. కాయ గుండ్రమై, అంచు పొడవునను పండ్లు దేఱియుండును. ఆ చేని రైతు నడిగినచో తుత్తురుబెండ యనును. పిల్లలు దువ్వెనకాయ యందురు. పట్టణమునుండి వచ్చినవాడు ఆకునుబట్టి అడవిపత్తి కాబోలునని యూహించును. వైద్యము నెఱిగినవాడు అతిబల యని చెప్పి వేరుకై గునపము వెదకును. ఈ నలుగురును ఒక్క మొక్కను గూర్చియే చెప్పుచున్నారా, లేక నాలుగు వేఱువేఱు మొక్కలను మనసునందుంచుకొని మాటలాడుచున్నారా?

ప్రశ్న చిన్నదిగనే తోచును. కాని దీనికి సమాధానము చెప్పుటకు వృక్షశాస్త్రజ్ఞుడు నడచు త్రోవను మనమును ఒకసారి నడచి చూచినచో, ఆ త్రోవలో ఎదురగు ప్రతి గుర్తును మొక్క తన మనుగడకై సమకూర్చుకొన్న సాధనమే యనియు, ఆ సాధనములను మనకంటె ఎంతయో ముందుగ కనిపెట్టిన పురుగులు వానిని పట్టుకొనియే పత్తిచేనికిని గట్టుకును నడుమ రాకపోకలు సాగించుచున్నవనియు తేటపడును. కావున గుర్తింపులో పేరు కడపటి మెట్టు. బంధుత్వ నిర్ణయము మొదటి మెట్టు.

రంగును, ఆకును నమ్మరాదు

కంటికి మొదట తగులునది రంగు గనుక దానినే ఆధారముగ గొనుట మానవసహజము. అయితే ఈ మైదానమున పసుపుపూవులు పూయు బంధువులు ఈ పొదకు పెక్కుమంది కలరు. బెండపూవు పసుపు, దాని నడుమ ముదురు ఊదా. గోగుపూవు లేతపసుపు, దాని నడుమను అట్టి మచ్చయే. పూర్వము ఈ ప్రాంతమున విస్తారముగ పండి కాకినాడ రేవుమీదుగా ఎగుమతియై కోకనాడ పత్తి యని పేరొందిన దేశవాళీ పత్తిపూవును పసుపే. గంగరావిపూవు ఉదయమున లేతపసుపుగ విచ్చి సాయంకాలమునకు ఎఱుపు దిరుగును. నేడు చేలనిండ పండు అమెరికన్ పత్తిపూవు తొలినాడు మీగడవన్నెతో విచ్చి, మఱునాటికి రేకులయందు ఆంథోసయనిన్లను ఎఱ్ఱని వర్ణకములు పేరుకొనుటచేత గులాబివన్నె దాల్చి వాడిపోవును. ఒకే పూవు రెండు దినములలో రెండు రంగులు చూపుచుండగా, రంగు చెప్పు సాక్ష్యమును ఎంతవఱకు విశ్వసింపవచ్చును?

ఆకు సాక్ష్యమును అంత కంటె మేలైనది కాదు. తుత్తురుబెండ యాకును గంగరావి యాకును ఆకృతిలో రెండును హృదయాకారములే; ఒకటి నూగుగలది, రెండవది నున్ననిది. పత్తిలోనే కొన్ని రకముల యాకు వెడల్పుగను, కొన్నింటి యాకు బెండాకువలె సన్నని చీలికలుగను ఉండును. ఆకు పరిమాణము నేలలోని తేమనుబట్టియు, నీడనుబట్టియు, కొమ్మపై దాని స్థానమునుబట్టియు మాఱుచుండును. ఇంతేకాక ఆకుపై కనబడు చిత్రవర్ణము ఒక్కొక్కప్పుడు మొక్క లక్షణమే కాకపోవచ్చును. 1868లో వెస్టిండీసు దీవులనుండి ఇంగ్లండునకు చేరిన యొక తోట అబ్యూటిలాన్ ఆకులపై ఆకుపచ్చ, పసుపు రంగులు గళ్లుగళ్లుగ నుండుట చూచి, దానినొక సుందరమైన రకముగ భావించి యూరపు తోటమాలులు అంటుకట్టి వ్యాపింపజేసిరి. అంటు కట్టినకొలది ఆ గళ్లు కొత్త మొక్కలకును సంక్రమించుట గమనించిన పిదప, అది తెల్లదోమ మోసుకొనివచ్చు వైరసు తెగులని తరువాతి తరమువారు తెలిసికొనిరి. మన గట్లమీది తుత్తురుబెండపై పసుపు ఈనెలు కనబడినను అది క్రొత్త జాతి యని భ్రమింపక, తెగులేమో యని మొదట శంకింపవలెను.

ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక

మొక్కల శాస్త్రీయనామములను చూచి జంకు పాఠకులు, ఆ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదని గుర్తించినచో ఆ జంకు తీఱిపోవును. మన పేరులలో ఇంటిపేరు ముందును, సొంతపేరు వెనుకను నిలుచునట్లు, మొక్క పేరునందును ప్రజాతి ముందు నిలిచి జాతి దాని వెంట వచ్చును. తుత్తురుబెండను శాస్త్రజ్ఞులు అబ్యూటిలాన్ ఇండికమ్ అందురు; ఇందు అబ్యూటిలాన్ ఇంటిపేరు, ఇండికమ్ సొంతపేరు. ఒకే ఇంటిపేరుగలవారు దాయాదులైనట్లు, ఒకే ప్రజాతిలోనివి మిక్కిలి దగ్గఱి చుట్టములు. కొన్ని ఇంటిపేరులు కలిసి యొక వంశమైనట్లు, కొన్ని ప్రజాతులు కలిసి యొక కుటుంబమగును. పత్తి, బెండ, గోగు, గోంగూర, మందార, గంగరావి, తుత్తురుబెండ మున్నగునవన్నియు మాల్వేసీ యను కుటుంబమునకు చెందినవి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు జుస్యూ 1789లో పుష్పించు మొక్కలను కుటుంబములుగ విభజించి వెలువరించిన గ్రంథమునుండి ఈ కుటుంబనామము శాస్త్రమున స్థిరపడినది.

కుటుంబమును తెలుపు గుర్తులు

మొదటి గుర్తు నార. తుత్తురుబెండ కొమ్మను విఱిచినచో అది పుటుక్కున తెగిపడక, బెరడు పొడవైన పోగులుగ చీలి వ్రేలాడును. గోగునారతో త్రాళ్లు పేనుకొన్న జనులకు ఈ గుణము చిరపరిచితమే. బెరడులో నిలువుగ సాగిన బలమైన పోగులు కాండమునకు గాలివానలలో వంగియు విఱుగని శక్తి నిచ్చుచున్నవి.

రెండవ గుర్తు జిగురు. ఆకునుగాని లేతకొమ్మనుగాని నలిపి కొంచెము నీటిలో కలిపినచో వ్రేళ్లకు జారుడుగ తగులును. బెండకాయ కోయునపుడు కత్తికి అంటునది ఇదియే. ఈ జిగురు నీటిని పట్టి విడువని పిండిపదార్థముల సముదాయము గనుక, చైత్ర వైశాఖముల ఎండలలో నేల నెఱ్ఱెలు విచ్చినప్పుడు సైతము మొక్క తన తేమను కొంతవఱకు నిలుపుకొనగలుగుచున్నది.

మూడవ గుర్తు నూగు. పది రెట్లు పెద్దదిగ చూపు చిన్న భూతద్దము క్రింద ఆకు అడుగుభాగమును పరికించినచో, అచ్చటి రోమములు ఒంటరిగ నిలువక, ఒక్కొక్క బిందువునుండి నాలుగైదు కొనలు నలుదిక్కులకును చాచుకొని నక్షత్రాకారముగ కనబడును. ఈ నక్షత్రములు ఒకదానిపై నొకటి అల్లుకొని ఆకు ఉపరితలమున కదలని గాలిపొర నొకదానిని బంధించి యుంచుటచేత, వేడిగాలి వీచినను నీరు వేగముగ ఆవిరి కాదు. ఈ నూగు విషయమును మఱువకుడు. పురుగుల ప్రస్తావన వచ్చినపుడు దీనితో మరల పని కలుగును.

నాలుగవ గుర్తు మొగ్గ. విచ్చుటకు సిద్ధమైన మొగ్గను పట్టి చూచినచో ఐదు రేకులును ఒకే వైపునకు మెలిదిరిగి, ప్రతి రేకును ఒక అంచుతో పొరుగు రేకును కప్పుచు, రెండవ అంచుతో వేఱొక రేకు క్రింద దాగుచు నుండును.

ఐదవది అన్నిటికంటె బలవత్తరమైన గుర్తు: కేసరనాళము. మందారపూవు నడుమ పొడవుగ ముందునకు సాగిన కాడను చూడనివారు లేరు. అది యొక్క కేసరము కాదు. పదులకొలది కేసరములు తమ కాడలను ఒకదానితో నొకటి కలిపివేసికొని గొట్టముగ ఏర్పడిన రూపమది. ఆ గొట్టము లోపలినుండి ఆడభాగమగు కీలము బయలుదేఱి పైకొనన తన శాఖలను విప్పును. తేనెకై రేకుల అడుగునకు దూరు తేనెటీగ మొదట ఆ శాఖలను, పిదప పరాగకోశములను రాచుకొనియే పోవలసి యుండును. పుప్పొడి రేణువులు పెద్దవియు, చిన్న ముండ్లతో నిండినవియు నగుటచేత గాలికి ఎగురక, ఈగ యొంటి నూగుకు పట్టుకొనును. వృక్షశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు తన వర్గీకరణమున కేసరములనే ప్రమాణముగ గొని, వాని కాడలన్నియు ఒక్క కట్టగ కలిసిన మొక్కలను ప్రత్యేకమైన తరగతిగ విడదీయుటకు ఇట్టి నిర్మాణమే ఆధారము.

ఈ నాళము పుస్తకములలోని విశేషము మాత్రమే కాదు. 1970లో సూరతు పరిశోధనాకేంద్రమున సి.టి. పటేల్ వెలువరించిన హెచ్-4 ప్రపంచమున వ్యాపారస్థాయిలో పండిన మొదటి సంకర పత్తి. అప్పటినుండి నేటివఱకు సంకర పత్తివిత్తనము చేతులతోనే తయారగుచున్నది. గద్వాల, నంద్యాల ప్రాంతముల విత్తనపత్తి చేలలో క్రాసింగు పనికి పోవు కూలీలు, మఱునాడు విచ్చబోవు మొగ్గను సాయంకాలమున పట్టి, బొటనవ్రేలి గోటితో రేకులను కేసరనాళముతో కూడ వలిచివేసి, లోని కీలమును గాయపడకుండ నిలిపి, ప్రాతఃకాలమున మగపూవు పుప్పొడిని దానిపై రాయుదురు. కేసరములు విడివిడిగ నున్నచో ఒక్కొక్క దానిని ఏఱి తీయవలసి వచ్చెడిది; అవి నాళముగ కలిసియుండుటచేతనే ఒక్క వలుపుతో మగభాగమంతయు ఊడివచ్చుచున్నది.

నాళములోనే మఱియొక సూక్ష్మము

కుటుంబమును నిర్ణయించిన ఆ నాళమే కుటుంబములోని శాఖలను గూడ విడదీయును. మందార, బెండ, పత్తి పూవులలో పరాగకోశములు నాళము పొడవునను ప్రక్కలకు వెలువడి, నాళము కొన మాత్రము వట్టిదై చిన్న పండ్లతో ముగియును. తుత్తురుబెండలో అట్లు కాదు. నాళము పొట్టిది, పరాగకోశములన్నియు దాని కొననే గుత్తిగ కూడియుండును. ఈ యొక్క భేదమును చూచినంతనే, మన పొద పత్తికిని బెండకును తోబుట్టువు కాదనియు, వేఱొక శాఖకు చెందినదనియు తెలియుచున్నది. ఆ శాఖలో దీనికి పొరుగున నున్నవి సైడా ప్రజాతి మొక్కలు. వైద్యులు బల యని వాడు మొక్క ఆ ప్రజాతిలోనిదే.

రక్షకపత్రముల వెలుపలి వరుస

కుటుంబము తెలిసినది, ఇక ప్రజాతి తెలియవలెను. ఇందుకు పూవును తలక్రిందులుగ త్రిప్పి దాని అడుగుభాగమును చూడవలెను. ఈ కుటుంబములోని పెక్కు మొక్కలకు పూవును కాపాడు ఆకుపచ్చని రక్షకపత్రముల వెలుపల, ఇంకొక వరుస చిన్న పత్రములు కలవు. వీనినే శాస్త్రజ్ఞులు లఘుపుచ్ఛములందురు. పత్తి రైతు గూడ యని పిలుచు మొగ్గను మూడువైపులను మూసి, అంచులు పండ్లుదేఱి కనబడు మూడు పెద్ద పత్రములు ఇవియే. అమెరికన్ పత్తిలో ఈ పత్రముల అంచు లోతుగ చీలి పొడవైన పండ్లుగ నుండగా, దేశవాళీ చెట్టుపత్తిలో కొనయందు మూడు నాలుగు పండ్లు మాత్రమే ఉండును.

గోంగూరపూవు అడుగున ఎనిమిది మొదలు పన్నెండు వఱకు సన్నని లఘుపుచ్ఛములు కలవు. గంగరావిలో మూడు పుట్టి త్వరలోనే రాలిపోవును. దాని రక్షకపత్రములు విడివిడిగ గాక, అంచు కత్తిరించినట్లున్న గిన్నెగ కలిసియుండును. బెండలో రక్షకపత్రావళి ఒకవైపు చీలి, రేకులతోపాటే ఊడిపడును; లిన్నేయసు 1753లో మందార ప్రజాతిలో చేర్చిన బెండను మోయెంకు 1794లో వేఱు ప్రజాతిలోనికి మార్చుటకు ఇట్టి భేదములే ప్రాతిపదిక.

తుత్తురుబెండ పూవు అడుగున మాత్రము ఈ వెలుపలి వరుస లేనే లేదు. ఐదు రక్షకపత్రములు, వానిక్రింద నేరుగ కాడ. లేకపోవుటయే ఇచ్చట గుర్తు. ఈ యొక్క పరీక్షతో పత్తి, మందార, గోగు, గంగరావి అన్నియు ఒకేసారి తొలగిపోయి, అబ్యూటిలాన్, సైడా ప్రజాతులు రెండే పోటీలో మిగులును. సైడావలె కనబడుచు గట్లపై పెరుగు మాల్వాస్ట్రమ్ కోరమాండలియానమ్ అను చిన్న కలుపుమొక్కయు ఇచ్చటనే పట్టుబడును. దాని పూవు క్రింద మూడు సన్నని లఘుపుచ్ఛములు కలవు.

కాయ చెప్పు కడపటి తీర్పు

సందేహము తీర్చునది కాయ. బెండ, పత్తి, గోంగూర కాయలు అరలుగ విభజింపబడి, పండినపుడు అరల వెంబడి పగులును. తుత్తురుబెండ కాయ అట్లు పగులక, ముక్కలుముక్కలుగ విడిపోవును. నల్లబాఱిన యొక కాయను అరచేతిలో నుంచుకొని చూచినచో, నడుమనున్న యిరుసు చుట్టును పదునైదు మొదలు ఇరువది వఱకు పలుచని తొనలు ప్రక్కప్రక్కనే అమరి, ప్రతి తొన పైయంచునను చిన్న ముక్కు బయటికి పొడుచుకొని కనబడును. దువ్వెన పండ్లుగ తోచునవి ఈ ముక్కులే. ఒక తొనను గోటితో ఊడదీసి వెన్నువెంబడి చీల్చినచో లోపల గింజలు సాధారణముగ మూడు దొరకును. మూత్రపిండాకారముగ, ముదురు గోధుమ రంగున నుండును.

సైడా కాయనును ఇట్లే విడదీసి చూడుడు. తొనలు ఐదు మొదలు పది వఱకే. ప్రతి తొనలోను గింజ ఒక్కటియే. బల యను సైడా కార్డిఫోలియాలో తొనకు రెండేసి పొడవైన ముండ్లుండి, అవి పశువుల వెండ్రుకలకును మన ధోవతులకును పట్టుకొని ప్రయాణము చేయును. తొనకు ఒక గింజయైన సైడా, రెండు మూడైన అబ్యూటిలాన్: బడిపిల్లవాడైనను చేయగల ఈ లెక్కతో ఇంటిపేరు స్థిరపడును.

మిగిలినది సొంతపేరు. ఈ ప్రాంతమున తుత్తురుబెండతో కలగాపులగమగునది దాని దాయాదియగు అబ్యూటిలాన్ హిర్టమ్. దాని కొమ్మలు వ్రేళ్లకు అంటుకొనునంత జిగటగ నుండును. పసుపురేకుల అడుగున ముదురు ఊదామచ్చ యుండును. తొనలు ఇరువదికి మించును. పూవు నడుమ మచ్చ లేక, కొమ్మ జిగటలేక, తొన ముక్కు పొట్టిగ నుండినచో అది అబ్యూటిలాన్ ఇండికమ్. పూయువేళయు కొంత తోడ్పడును: పత్తి, సైడా పూవులు పగటిపూట విచ్చుచుండగా, తుత్తురుబెండ పొద్దువాలిన పిదప విచ్చును. మిట్టమధ్యాహ్నమున మొగ్గలే తప్ప పూవులు కానరాని పొదను సాయంకాలమున మరల చూచి నిర్ణయించుట మేలు.

వేఱుగా: ఆరు ప్రశ్నలలో గుర్తింపు

1. కొమ్మ విఱిచిన నార వచ్చునా, ఆకు నలిపిన జిగురు వచ్చునా? రెండును వచ్చినచో మాల్వేసీ కుటుంబమేమో చూడవలెను.
2. కేసరములు నాళముగ కలిసినవా? కలిసినచో పత్తి, మందారల కుటుంబము నిశ్చయము.
3. పరాగకోశములు నాళము ప్రక్కల నున్నవా, కొనయందున్నవా? కొనయందైనచో పత్తి, బెండ, మందార కావు.
4. రక్షకపత్రముల వెలుపల మఱియొక వరుస కలదా? లేనిచో అబ్యూటిలాన్ లేక సైడా.
5. కాయ తొనలో గింజలెన్ని? ఒకటి సైడా, రెండు మూడు అబ్యూటిలాన్.
6. పూవు నడుమ ఊదామచ్చ, కొమ్మలో జిగట కలవా? లేనిచో తుత్తురుబెండ.

వేఱుగా: విస్తరించిన కుటుంబము

1998లో ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్ అను శాస్త్రజ్ఞుల బృందము జన్యుపదార్థమును పోల్చి చూచి, అంతవఱకు వేఱు కుటుంబములుగ నుండిన బూరుగు, కోకో, జనపనార మొక్కలను గూడ మాల్వేసీలో చేర్చెను. ఇట్లు విస్తరించిన కుటుంబమున నేడు 4,000కు పైగా జాతులు కలవు. జనపనార పూవులో కేసరములు విడివిడిగనే ఉండును గనుక, పై ప్రశ్నలలో రెండవది పాత చిన్న కుటుంబమునకే, అనగా పత్తి, మందార, తుత్తురుబెండలకే వర్తించును.

పేరు నిలిచిన వరుస

ఇట్టి పరీక్షలు ఒక్కనాట పుట్టలేదు. తుత్తురుబెండను లిన్నేయసు 1756లో సైడా ప్రజాతిలోనే చేర్చి సైడా ఇండికా యని వ్రాసెను. తొనలోని గింజల సంఖ్యయందలి భేదము ఆనాటికి ప్రజాతులను వేఱుచేయునంతటిదిగ లెక్కకు రాలేదు. 1826లో రాబర్టు స్వీటు దానిని అబ్యూటిలాన్ ప్రజాతిలోనికి మార్చెను. ఈ నడుమ, గుంటూరు సర్కారుతో కూడిన ఉత్తర సర్కారులలో, సామర్లకోటయందు 1781 మొదలు కొన్ని సంవత్సరములు పనిచేసిన విలియం రాక్స్‌బర్గు తెలుగు చిత్రకారులచేత చేయించిన మొక్కల బొమ్మలు ఈ తీరపు వృక్షసంపదను ప్రపంచమునకు చూపినవి. పిదప గాంబుల్ ప్రారంభించి ఫిషరు పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షవర్ణన గ్రంథము, 1915 మొదలు 1936 వఱకు భాగములుగ వెలువడి, ఈ జిల్లాల మొక్కలను గుర్తించువారికి చిరకాలము ఆధారమైనది. పై యాఱు ప్రశ్నలవలె, ప్రతి మెట్టునను రెండు త్రోవలు చూపి ఒకదానిని ఎంచుకొమ్మను పద్ధతి అట్టి గ్రంథముల ప్రాణము.

పురుగులు చదువు బంధుత్వము

ఇంత శ్రమపడి మనము నిర్ణయించిన బంధుత్వమును పురుగులు ఆకు వాసనను, లోని రసములను, నూగును పరీక్షించి నిర్ణయించుకొనును. అయితే అన్ని పురుగులును ఒకే హద్దువఱకు పోవు.

మిక్కిలి ఇఱుకైన హద్దు గులాబిరంగు పురుగుది. 1842లో భరోచి ప్రాంతపు పత్తిని నాశనము చేసిన ఈ పురుగును సాండర్సు మఱుసటి సంవత్సరము శాస్త్రలోకమునకు వర్ణించెను. బెండ, తుత్తురుబెండ వంటి బంధువులపైని ఇది కనబడినను దాని ముఖ్యనివాసము పత్తియే. పూవులో ప్రవేశించిన పిల్లపురుగు రేకులను దారముతో అల్లివేయగా అవి విచ్చుకొనక నిలిచిపోవును. రైతులు గుడ్డిపూలని పిలుచునవి ఇవియే. పిదప కాయలో దూఱి గింజను తిని, దూదిని గుడ్డిపత్తిగ మార్చును. 2002లో మనదేశమున అనుమతి పొందిన బీటీ పత్తి ఈ పురుగును కొంతకాలము అణచినను, కాలక్రమమున పురుగు ఆ పత్తిలోని విషమును తట్టుకొను శక్తిని సంపాదించుకొన్నది. ఇది ఏడాదినుండి ఏడాదికి సాగుట ముఖ్యముగ మిగులుకాయలలోను, గింజలోను నిద్రించు పురుగులవలన గనుక, పంటను డిసెంబరు, జనవరి నాటికి ముగించి పత్తికట్టె పీకివేయుట ముందుపని. గట్టుమీది పొద పాత్ర ఇచ్చట స్వల్పము.

రెండవది మచ్చల పురుగు; బెండ రైతులకు మొవ్వు, కాయ తొలుచు పురుగుగ పరిచయము. దీని హద్దు దాదాపు మాల్వేసీ కుటుంబపు హద్దే. పత్తి, బెండ, గోగు, తుత్తురుబెండలను తినును. ప్రక్కనే నిలిచిన మిరపచేను వేఱొక కుటుంబముది గనుక దానిజోలికి పోదు. పత్తి లేని వేసవిలో, తడిగల కాలువగట్టున చిగుర్చు తుత్తురుబెండయు, పెరటిబెండయు దీనికి ఆశ్రయము. చిగురు వాడి తలవాల్చిన కొమ్మను చీల్చినచో లోపల పురుగు దొరకును.

మూడవది తెల్లదోమ. 1889లో గ్రీసుదేశపు పొగాకుపై మొదట గుర్తింపబడిన ఈ కీటకము 600కు పైగా మొక్కలపై బ్రతుకునని లెక్క తేలినది; పత్తి, పొగాకు, మిరప, బెండ దేనిని విడువదు. కుటుంబపు హద్దును పాటింపని ఈ పురుగునకు తుత్తురుబెండ ప్రీతికరమగుటకు పైన చెప్పిన నూగు ఒక కారణము. తెల్లదోమ ఆకు అడుగున గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు కొంచెము దూరము ప్రాకి ఒకచోట స్థిరపడి కదలక రసము పీల్చును. నూగుగల ఆకు ఆ గ్రుడ్లకును పిల్లలకును అనుకూలమైన చోటు. విచిత్రమేమనగా, రసము పీల్చు మఱియొక పురుగగు పచ్చదోమకు ఇదే నూగు ఆటంకము; పత్తిలో నూగు ఎక్కువైన రకములు పచ్చదోమను తట్టుకొనుచు తెల్లదోమకు లోబడును, నున్నని రకములు తెల్లదోమను కొంత తట్టుకొనుచు పచ్చదోమకు లోబడును. వంగడములను సృష్టించువారికి ఈ రెండింటి నడుమ సమన్వయము చేయుట నిత్యసమస్య.

1980వ దశకపు మధ్యభాగమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలపై తెల్లదోమ విజృంభించి రైతులను అప్పులపాలు చేసినది. కాయతొలుచు పురుగులకై మఱలమఱల చల్లిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు తెల్లదోమను చంపజాలక, దానిని తిని బ్రతుకు మిత్రపురుగులను మాత్రము చంపివేసినందున దోమ అడ్డులేక పెరిగినది. దాని విసర్జనమగు తీపిజిగట ఆకులపై పడి, దానిపై మసిబూజు పెరిగి, దూది నల్లబడినది. అట్టి సంవత్సరములలో చేనుమీద ఎంత మందు చల్లినను, గట్టుమీది పొదలలో మిగిలిన దోమ మరల చేరుచునే ఉండును. అందుచేతనే వ్యవసాయ శాస్త్రజ్ఞులు పత్తిచేని గట్లపై తుత్తురుబెండ వంటి కలుపుమొక్కలు లేకుండ చూడుమని నేటికిని హెచ్చరించుచున్నారు.

మూలికల అంగడిలో

వైద్యమునందును గుర్తింపు అంతే ముఖ్యము. ఆయుర్వేదము బలను, అతిబలను వేఱువేఱు ద్రవ్యములుగ పరిగణించును. బలలో ఎఫిడ్రిన్ అను, గుండెపైని రక్తనాళములపైని పనిచేయు పదార్థము స్వల్పముగ కలదు. అయితే అంగడికి వచ్చునవి ఎండిన వేళ్లు. వేరునకు పూవు లేదు, కాయ లేదు, కేసరనాళము లేదు. సైడా జాతుల వేళ్లన్నియు ఎండిన పిదప ఒకదానినొకటి పోలియుండును. దక్షిణభారతపు మూలికల అంగళ్లలో బల పేర అమ్ముడగు నమూనాలను జన్యుసంకేతములతో పరీక్షించిన పరిశోధకులకు, వానిలో పెక్కు వేఱు జాతులుగ తేలినవి. అమ్మువాని వంచన కంటె, పొలమున త్రవ్వువాడు కాయను చూడక ఆకును చూచి త్రవ్వుటయే ఇట్టి పొరపాటులకు ఎక్కువ తావిచ్చును. త్రవ్వునపుడే పూవు, కాయలతో కూడిన కొమ్మను వేరుతోపాటు కట్టి పంపినచో ఈ చిక్కు చాలవఱకు తీఱును.

ఉంచుటయా, పీకుటయా?

ఒకే పొద వైద్యునకు ఔషధము, పత్తి రైతునకు పురుగుల ఆశ్రయము, తేనెటీగకు సాయంకాలపు ఆహారము. కనుక ఎచ్చటనైనను ఎప్పుడైనను పీకివేయవలసినదని కాని, ముట్టరానిదని కాని ఒకే మాటతో తీర్పు చెప్పుట సాధ్యము కాదు. పత్తి విత్తుటకు ముందు, మే, జూన్ నెలలలో చేనిగట్టు పొదల ఆకులను త్రిప్పి చూచి, అడుగున తెల్లదోమ యున్నను, మొవ్వు వాడియున్నను, ఆకుపై పసుపు గళ్లున్నను వానిని తొలగింపవలెను. తొలగించుటకు కాయ నల్లబాఱువఱకు ఆగరాదు. గింజపైపెంకు నీరు చొరనంత గట్టిది గనుక, ఒక్కసారి నేలరాలిన గింజ ఏండ్లతరబడి మొలవక నిలిచి, ఒక్కొక్క వానకు కొన్ని కొన్నిగ మొలచుచుండును. చేనికి దూరముగ, బీడునందో చెఱువుకట్టయందో నిలిచిన పొదతో పత్తికి అంతగ పేచీ లేదు.

గట్టుమీది పొద సైడాయైనచో తీర్పు మాఱును, దేశవాళీ చెట్టుపత్తియైనచో మఱింత మాఱును. పత్తిలేని నెలలలో పత్తినే గట్టున పెంచుట గులాబిరంగు పురుగునకు వసతి కల్పించుటయే. కావున గునపము పట్టుటకు ముందు పూవు అడుగుభాగమును చూచి, కాయ తొనను చీల్చి గింజలు లెక్కించుట రైతునకును వైద్యునకును సమానముగ విధ్యుక్తమైన పని. అందుకు పట్టు కాలము ఒక నిమిషమునకు మించదు.